కొత్త ప్రాసెసర్‌కు పాత మదర్‌బోర్డు చాలుతుందా?

కంప్యూటర్‌లో గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే చాలామందికి ముందుగా తట్టే ఆలోచన ప్రాసెసర్ మార్చడం. తీరా దుకాణానికి వెళ్తే, దానితో పాటు కొత్త మదర్‌బోర్డు, కొత్త ర్యామ్ కూడా కొనాలని తెలుస్తుంది. ఒక్క వస్తువు కోసం దాచుకున్న డబ్బు మూడింటికి సరిపోదు. దాంతో కొందరు ప్రాసెసర్ మీద ఎక్కువ ఖర్చు పెట్టి, దొరికిన వాటిలో అతి చౌక బోర్డు తీసుకుంటారు. మరికొందరు రంగురంగుల దీపాలున్న ఖరీదైన బోర్డు కొని ప్రాసెసర్ దగ్గర సర్దుకుంటారు. మదర్‌బోర్డు చేసే పనేమిటో తెలిస్తే ఈ రెండు పొరపాట్లనూ తప్పించుకోవచ్చు. జంషెడ్‌పూర్ లాంటి ఊళ్లో అయితే అక్కడి వేసవిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

లోపం ప్రాసెసర్‌దేనా?

తెరపై కనిపించే ప్రతి ఫ్రేమ్ వెనుక ఇద్దరి కష్టం ఉంటుంది. ఆటలో ఎవరు ఎక్కడున్నారు, ఏ వస్తువు దేనికి తగిలింది అన్న లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. ఆ లెక్కల ప్రకారం గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. ఇద్దరిలో ఎవరు నెమ్మదిగా ఉంటే ఆట వేగం వారిని బట్టే ఉంటుంది.

ఎవరు నెమ్మదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష చాలు. ఆట సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించి చూడాలి. దీనివల్ల గ్రాఫిక్స్ కార్డు పని బాగా తగ్గుతుంది, ప్రాసెసర్ పని దాదాపు అలాగే ఉంటుంది. ఫ్రేముల సంఖ్య బాగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉన్నట్టు. పెద్దగా పెరగకపోతే ప్రాసెసర్ మార్చడంలో అర్థం ఉంది.

సాకెట్ కలవాలి, బయోస్ గుర్తించాలి

ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. సాకెట్ కలవకపోతే ప్రాసెసర్ అందులో అమరనే అమరదు. ఏఎండీ సంస్థ 2016లో తెచ్చిన ఏఎం4 సాకెట్‌లో 1331 రంధ్రాలుంటాయి. 2022లో వచ్చిన ఏఎం5లో 1718 స్పర్శ బిందువులుంటాయి. ఇంటెల్ 12, 13, 14వ తరాల ప్రాసెసర్లు ఎల్‌జీఏ1700 సాకెట్‌లో పనిచేస్తాయి.

సాకెట్‌తో పాటు ర్యామ్ రకం కూడా చూసుకోవాలి. ఏఎం4 బోర్డులు డీడీఆర్4 ర్యామ్‌ను, ఏఎం5 బోర్డులు డీడీఆర్5ను మాత్రమే తీసుకుంటాయి. ఎల్‌జీఏ1700 బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి, కానీ ఒక బోర్డులో ఒకే రకం పడుతుంది. ఇంట్లో ఉన్న డీడీఆర్4 ర్యామ్‌ను వదులుకోనక్కర్లేని బోర్డు ఎంచుకుంటే, ఆ డబ్బు మిగిలినట్టే.

సాకెట్ కలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రామ్ పేరు బయోస్. అది బోర్డు మీదే ఒక చిప్‌లో ఉంటుంది. ప్రాసెసర్ కన్నా ముందు తయారైన బయోస్‌కు కొత్త ప్రాసెసర్ ఎవరో తెలియదు. 2017లో వచ్చిన ఏ320, బీ350 వంటి ఏఎం4 బోర్డులకు రైజెన్ 5000 తరం ప్రాసెసర్లు మొదట్లో పనికిరాలేదు. 2022లో కొత్త బయోస్‌ల ద్వారా ఆ వీలు వచ్చింది. కాబట్టి బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కు సరిపడే ప్రాసెసర్ల జాబితా తప్పక చూడాలి. ప్రతి ప్రాసెసర్ పక్కనా కనీసం ఏ బయోస్ కావాలో అందులో రాసి ఉంటుంది.

పాత ప్రాసెసర్ ఇంకా బోర్డులో ఉండగానే బయోస్‌ను కొత్తది చేసుకోవాలి. దాన్ని తీసేశాక కొత్తది పెడితే తెర వెలగదు, బయోస్ మార్చే దారీ ఉండదు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే బటన్ కొన్ని బోర్డులకే ఉంటుంది. బయోస్ మారుతున్న ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు మొరాయించవచ్చు. అందుకే ఆ పని యూపీఎస్ మీద చేయడం మంచిది.

12 వోల్టుల నుంచి 1.2 వోల్టులకు

బోర్డుల ధరలో తేడా తెచ్చే ముఖ్య భాగం ప్రాసెసర్ చుట్టూ ఉంటుంది. పవర్ సప్లై నుంచి 12 వోల్టుల విద్యుత్తు వస్తుంది. ప్రాసెసర్‌కు కావలసింది సుమారు 1.2 వోల్టులు. ఈ మార్పిడి చేసే వలయాన్ని వీఆర్‌ఎం అంటారు. అందులో మాస్‌ఫెట్ అనే స్విచ్‌లు సెకనుకు లక్షలసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. తీగచుట్టలు, కెపాసిటర్లు ఆ ఒడిదుడుకులను చదును చేసి నిలకడైన విద్యుత్తును అందిస్తాయి.

వోల్టేజీ తగ్గితే అదే శక్తికి ఎక్కువ కరెంటు కావాలి. 105 వాట్లని రాసి ఉండే ఏఎం4 ప్రాసెసర్ అవసరమైనప్పుడు 142 వాట్ల వరకు తీసుకోగలదు. 1.2 వోల్టుల దగ్గర అది వంద ఆంపియర్ల దరిదాపుకు చేరుతుంది. ఇంట్లో 2 కిలోవాట్ల గీజరు తీసుకునేది 9 ఆంపియర్ల లోపే. వేలెడంత జాగాలో అంతకు పది రెట్లకు పైగా కరెంటు ప్రవహిస్తుందన్న మాట.

కరెంటు రెట్టింపైతే, నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. అందుకే కరెంటును ఒకే దారిలో పంపకుండా ఫేజులుగా పంచుతారు. వంద ఆంపియర్లు ఒకే ఫేజులో వెళ్తే పుట్టే వేడిని 16 పాళ్లు అనుకుందాం. నాలుగు ఫేజుల్లో ఇరవై ఐదేసి ఆంపియర్లు వెళ్తే ఒక్కోదానిలో ఒక పాలు, మొత్తం నాలుగు పాళ్లు. అంటే వేడి నాలుగో వంతుకు తగ్గింది. ఫేజులు ఎక్కువగా ఉండి, మాస్‌ఫెట్‌ల మీద లోహపు హీట్‌సింక్ ఉన్న బోర్డుకు ధర ఎక్కువ పలకడానికి కారణం ఇదే.

అయితే అందరికీ అంత బోర్డు అక్కర్లేదు. రైజెన్ 5 5600 ప్రాసెసర్‌పై 65 వాట్లని ఉంటుంది. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. ఇలాంటి వాటికి సాధారణ బోర్డు చాలు. ఐ7-14700కే మాత్రం 253 వాట్ల వరకు వెళ్తుంది. దాన్ని హీట్‌సింక్ లేని చౌక బోర్డులో పెడితే, బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న వేగం అక్కడే ఆగిపోతుంది.

42 డిగ్రీల గదిలో

ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారం పనుల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న నగరం జంషెడ్‌పూర్. అక్కడ మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. విజయవాడ, రామగుండం వాసులకూ ఈ ఎండ కొత్త కాదు.

ఏ భాగమైనా చుట్టూ ఉన్న గాలి కన్నా ఇన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది అని లెక్క వేయాలి. ఒక బోర్డు వీఆర్‌ఎం గాలి కన్నా 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది అనుకుందాం. 22 డిగ్రీల ఏసీ గదిలో పరీక్షిస్తే అది 82 డిగ్రీలు చూపుతుంది. 42 డిగ్రీల గదిలో అదే బోర్డు 102కు చేరుతుంది. చల్లని గదుల్లో చేసిన పరీక్షల అంకెలు చదివేటప్పుడు ఈ తేడాను కలుపుకోవాలి.

వేడి ప్రభావం ఆయుష్షు మీదా ఉంటుంది. ఇప్పటి బోర్డుల్లో ప్రాసెసర్ దగ్గర వాడే పాలిమర్ కెపాసిటర్లకు ఒక స్థూల సూత్రం ఉంది. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు సుమారు పది రెట్లవుతుంది. 105 డిగ్రీల దగ్గర 5,000 గంటలు పనిచేసేది 85 డిగ్రీల దగ్గర 50,000 గంటలు పనిచేస్తుంది. కాబట్టి వేడి ఊళ్లో ఉండేవారు వీఆర్‌ఎంపై హీట్‌సింక్ ఉన్న బోర్డు తీసుకోవడం, క్యాబినెట్‌కు గాలి లోపలికీ బయటికీ పోయేలా రెండు ఫ్యాన్లు పెట్టడం వృథా ఖర్చు కాదు.

దేనికి ఖర్చు చేయాలి?

ఆటలే అవసరమైతే కొన్ని సౌకర్యాలు వదులుకోవచ్చు. ప్రాసెసర్ వేగాన్ని సొంతంగా పెంచుకునే ఉద్దేశం లేనివారికి ఇంటెల్‌లో జెడ్ వరుస బోర్డు అవసరం లేదు. బీ760 వంటివి చాలు. రంగు దీపాల వల్ల ఫ్రేములు పెరగవు.

పీసీఐఈ 4.0 అన్న మాట కూడా అందరికీ ఒకేలా వర్తించదు. బీ450 బోర్డులో ఉండే 3.0 దారిలో, 16 లేన్ల గ్రాఫిక్స్ కార్డుకు సెకనుకు దాదాపు 16 గిగాబైట్ల సమాచారం వెళ్తుంది. చాలా ఆటల్లో దీనివల్ల నష్టం స్వల్పమే. రేడియన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి నాలుగు లేన్ల కార్డు ఉంటే మాత్రం దారి ఇరుకై తేడా బాగా తెలుస్తుంది. అలాంటివారికి బీ550 వంటి 4.0 బోర్డు మేలు.

ర్యామ్ విషయంలో ఒకే పెద్ద కర్ర కన్నా రెండు చిన్నవి మంచివి. సమాచారం రెండు దారుల్లో నడుస్తుంది. వాడిన బోర్డు కొనేవారు ఎల్‌జీఏ సాకెట్‌లోని సన్నని పిన్నులు వంగలేదని టార్చ్ వెలుగులో చూసుకోవాలి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. అది పేస్టుకు అంటుకుని కూలర్‌తో పాటు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. కంప్యూటర్‌ను కాసేపు నడిపి, ఆపి, ప్లగ్ తీసేశాక కూలర్‌ను మెల్లగా పక్కకు తిప్పుతూ తీయాలి.

చివరికి రెండు మొత్తాలు కాగితం మీద పక్కపక్కన వేసి చూడాలి. ఒకటి, పాత బోర్డులోనే పట్టే మెరుగైన ప్రాసెసర్ ధర. రెండోది, కొత్త ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి అయ్యే ధర. ఏఎం4 బోర్డు ఉన్నవారికి మొదటి దారిలో మంచి అవకాశాలున్నాయి. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో, 2024లో వచ్చిన 5700ఎక్స్3డీలో 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ ఉంది. రైజెన్ 5 5600లో అది 32 మెగాబైట్లే. ఆటకు పదేపదే కావలసిన సమాచారం ప్రాసెసర్ దగ్గరే ఉంటే ర్యామ్ దాకా వెళ్లి వచ్చే సమయం కలిసివస్తుంది. ముందు ముందు మళ్లీ ప్రాసెసర్ మార్చే ఆలోచన ఉండి, ఇప్పుడు ర్యామ్ కూడా కొనక తప్పని వారికి ఏఎం5 తగిన దారి.

బోర్డులో దాగిన గని

బోర్డును కొనసాగించడం వల్ల డబ్బుతో పాటు లోహాలూ ఆదా అవుతాయి. మదర్‌బోర్డులో రాగి, తగరం, వెండి, స్పర్శ బిందువుల మీద బంగారు పూత ఉంటాయి. జంషెడ్‌పూర్ మీదుగా పారే సువర్ణరేఖ నది ఇసుకను జల్లించి బంగారు రేణువులు ఏరే జీవనం జార్ఖండ్‌లో తరాలుగా ఉంది. అదే ఊళ్లో 1950 నవంబర్ 26న జవాహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన సీఎస్‌ఐఆర్ జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల, పాడైన సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను తిరిగి రాబట్టే పద్ధతులపై పరిశోధిస్తోంది.

ప్రపంచవ్యాప్తంగా 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించాయి. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. బోర్డులను ఆరుబయట కాల్చడం, ఆమ్లంలో ముంచడం వల్ల ఆ పని చేసేవారి ఊపిరితిత్తులకూ, చుట్టుపక్కల నేలకూ హాని. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం రీసైకిల్ చేసే సంస్థలు నమోదై ఉండాలి.

బోర్డు మార్చక తప్పకపోతే, పనిచేసే పాత బోర్డును ప్రాసెసర్, ర్యామ్‌తో కలిపి చదువుకునే పిల్లలకు ఇవ్వవచ్చు. పనిచేయనిదైతే పాత ఇనుము బండికి వేయకుండా నమోదైన రీసైక్లర్‌కు అప్పగించాలి.