కరెంటు ట్రాలీ ఆటో మనకి గిట్టుబాటేనా?

వీడియోలో గబగబా చెప్పేసిన లెక్కని ఇక్కడ విడమరిచి రాస్తున్నాను.

ఘనజీవామృతం, కషాయాలతో సాగు ఖర్చు తగ్గించుకుంటున్నాం. కానీ కూరగాయలు, అరటి గెలలు రాజమండ్రి చేర్చేసరికి ఆ మిగిలింది కాస్తా కిరాయికే పోతోంది. నేరుగా ఇళ్లకి ఇచ్చేవాళ్లకైతే సరుకు తక్కువ, తిరుగుడు ఎక్కువ.

రోజుకి 80 కిలోమీటర్లు తిరుగుతామనుకుందాం. డీజిల్ ఆటో లీటరుకి 25 కిలోమీటర్లు ఇస్తే 3.2 లీటర్లు కావాలి. లీటరు 97 రూపాయల చొప్పున సుమారు 310. కరెంటు ఆటోకి 10 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 80. రోజుకి 230 మిగులు.

బండి ధర డీజిల్ దానికంటే లక్ష ఎక్కువైతే? ఏడాదికి 250 రోజులు తిప్పితే 57,500 మిగులుతుంది, రెండేళ్ల లోపే లక్ష తిరిగొస్తుంది. 100 రోజులే తిప్పితే 23,000, నాలుగేళ్లు దాటుతుంది. అంటే లాభం బండిలో లేదు, తిప్పడంలో ఉంది. ఒక్కరికి అంత సరుకు లేకపోతే నలుగురైదుగురు కలిసి కొనండి, గ్రూపు పేరున ట్రిప్పులు రాసుకోండి.

ప్రభుత్వం వైపు నుంచి ఏముంది? 2019 ఆగస్టు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలపై జీఎస్టీ 5 శాతమే. 2018 అక్టోబరు ఉత్తర్వుతో బ్యాటరీ రవాణా వాహనాలకి పర్మిట్ అక్కర్లేదు. 2022 నుంచి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో 15 శాతం తగ్గింపు ఉంది. పీఎం ఈ-డ్రైవ్ పథకం 2024 అక్టోబరు 1న మొదలైంది. అందులో ఇలాంటి ఆటోలకి బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కి 5,000 ఇచ్చి, మరుసటి ఆర్థిక సంవత్సరానికి 2,500 చేశారు. సబ్సిడీ ఇలా కరిగిపోయేదే. అది లేకుండానే గిట్టుబాటయితేనే కొనండి. రోడ్ ట్యాక్సుతో కలిపి చేతికొచ్చే ధర ఎంతో డీలరు దగ్గర రాయించుకోండి.

మన డెల్టా చదును నేల, ఘాట్లు లేవు; అది మనకి కలిసొచ్చేదే. అయినా కంపెనీ చెప్పే మైలేజీ నమ్మి ఊరుకోవద్దు. మీ సరుకు ఎక్కించి, మీ కాలవ గట్టు మీదే నడిపి చూడండి. వర్షాకాలంలో నీళ్లు నిలిచిన లంక దారుల్లో దింపొద్దు. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద చూడండి.

ఇంకొకటి. పొలం మోటారుకిచ్చే ఉచిత కరెంటుతో ఛార్జింగ్ పెట్టకండి, అది సాగు కోసం ఇచ్చింది. ఇంటి మీటరైతే వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది. ఏ కేటగిరీ వర్తిస్తుందో ముందే కరెంటాఫీసులో అడిగి, ఆ రేటుతో పై లెక్క మళ్లీ వేసుకోండి.