క్రిములు చచ్చాక మిగిలిన గుంత

చెదలు తిన్న దూలాన్ని మీరు చూసే ఉంటారు. మందు కొడితే చెదలు చస్తాయి. కాని అవి తినేసిన కర్ర తిరిగి వస్తుందా? క్షయ పట్టిన ఊపిరితిత్తి సంగతీ ఇంచుమించు అంతే.

1882లో రాబర్ట్ కాక్ కనిపెట్టిన క్షయ క్రిమికి ఆక్సిజన్ అంటే మహా ప్రీతి. అందుకే అది ఎక్కువగా ఊపిరితిత్తి పైభాగంలో కాపురం పెడుతుంది. అక్కడి కణజాలం చచ్చి జున్నుముక్కలా తయారవుతుంది. ఆ జున్ను మెత్తబడి, దగ్గుతోపాటు శ్వాసనాళం గుండా బయటికి పోతుంది. అది ఉన్నచోట గుంత మిగులుతుంది. వైద్యం ఆలస్యమైనా, రోగి మందులు మధ్యలో మానేసినా గుంతలు పెరుగుతాయి. ఒక్కొక్కప్పుడు ఒక ఊపిరితిత్తి మొత్తం ముడుచుకుపోయి ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికేదాకా ఈ క్రిమిని చంపే మంచి మందే లేదు. మరి అప్పటి వైద్యులు ఏం చేశారో తెలుసా? విరిగిన చేతిని కట్టుకట్టి కదలకుండా ఉంచుతాం కదా! ఊపిరితిత్తికీ అలాగే విశ్రాంతినిస్తే మానుతుందని తలచారు. ఇటలీ వైద్యుడు ఫోర్లనీని సూదితో ఛాతీలోకి వాయువు ఎక్కించి ఊపిరితిత్తిని ముడిచాడు. ఆ వాయువు కొన్నాళ్ళకు ఇంకిపోయేది; మళ్ళీ ఎక్కించాలి. మరికొందరు ఏకంగా ఏడెనిమిది పక్కటెముకలు కోసి తీసేసేవారు. దన్ను పోయిన ఛాతీ లోపలికి కుంగి, గుంతను నొక్కి మూసేది. మనిషి ఆకారం వంకరపోయేది. ప్రాణం దక్కితే చాలుననుకున్నవారు దానికీ ఒప్పుకున్నారు.

మందులు వచ్చాక ఈ కోతలు చాలావరకు తప్పాయి, కాని పూర్తిగా కాదు. గుంత గోడలోని రక్తనాళం బలహీనపడి పగిలితే దగ్గులో నెత్తురు ధారకడుతుంది. ఖాళీ గుంతలో బూజు చేరి బంతిలా పెరగవచ్చు. కొన్ని మొండి క్రిములు మందులకు లొంగవు. అప్పుడు సర్జన్ చెడిన భాగాన్ని తీసేస్తాడు. కుడి ఊపిరితిత్తిలో 3, ఎడమదానిలో 2 లంబికలుంటాయి. ఒక లంబిక తీస్తే సరిపోవచ్చు. లేకుంటే ఆ వైపు ఊపిరితిత్తి అంతా తీయాలి. పాత జబ్బువల్ల అది ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉంటుంది కనుక, ఒలవడానికి ఎంతో ఓర్పు కావాలి. మిగిలేది బతకడానికి చాలునా అని, రోగిచేత గొట్టంలోకి ఊదించి ముందే లెక్క చూసుకుంటారు.

తీసినచోట ఏం మిగులుతుందంటారా? మెల్లగా ద్రవం నిండుతుంది. గుండె అటు జరుగుతుంది, కింది ఉదరవితానం పైకి లేస్తుంది, రెండో ఊపిరితిత్తి కొంచెం సాగుతుంది. అది ఆరోగ్యంగా ఉంటే ఆ మనిషి నడుస్తాడు, చాలా పనులు చేసుకుంటాడు. మేడమెట్లు ఎక్కేటప్పుడు మాత్రం మధ్యలో కాసేపు ఆగుతాడు.