కంప్యూటర్ ఫైళ్లకు పేర్లు: క్షేత్ర సమాచారం చేజారే చోట్లు

వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో స్థాపించబడిన గ్రంథాలయం. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు దూరప్రాంతాల నుండి సైతం అక్కడికి వస్తుంటారు. పాత పత్రికలు భద్రపరిచే ఇటువంటి చోట, పత్రిక పేరు, సంవత్సరం, నెల చెప్పగలిగిన పాఠకునికి కావలసిన సంచిక చేతికి అందుతుంది. ఆ సంపుటాన్ని బైండు చేసిన వ్యక్తి, దశాబ్దాల తరువాత దానిని అడిగే వ్యక్తి ఒకరినొకరు ఎరుగరు. అట్టపై రాసిన నాలుగు మాటలే వారిద్దరి మధ్య సంధానం.

కంప్యూటర్‌లో దాచిన క్షేత్ర సమాచారానికి ఆ నాలుగు మాటలే ఫైలు పేరు. కాని పరిశోధక విద్యార్థి చదువు ముగించి వెళ్లిన తరువాత అతని ఫోల్డర్ తెరిస్తే తరచుగా కనిపించేవి ‘డేటా కొత్తది’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘సార్ చూసిన ఫైనల్’. వీటిలో థీసిస్‌కు ఆధారమైనది ఏదో చెప్పగలిగినవాడు ఒక్కడే. అతడు అప్పటికి వేరే ఉద్యోగంలో ఉంటాడు.

పేరులో ప్రాంతాన్ని సూచించడం అవసరమే, కాని ఏ ప్రాంతాన్ని? వేటపాలెం 1970 ఫిబ్రవరి వరకు గుంటూరు జిల్లాలోనిది. అప్పుడు ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుండి అది బాపట్ల జిల్లాలో ఉంది. ఊరు మాత్రం అంగుళమైనా కదలలేదు. ‘ప్రకాశం_మిరప_2021’, ‘ప్రకాశం_మిరప_2023’ అనే రెండు ఫైళ్లను ఒక విద్యార్థి పక్కపక్కన పెట్టి పోల్చాడనుకుందాం. అతనికి మిరప విస్తీర్ణంలో కనిపించే తగ్గుదలలో కొంత భాగం పొలాలలో జరిగినది కాదు, పటంలో జరిగినది. గుంటూరు విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల ప్రాంతాలన్నీ ఇప్పుడు పల్నాడులో ఉన్నాయి. అందువలన ఫైలు పేరులో జిల్లాకు బదులు గ్రామం, మండలం ఉండడం మేలు. కేంద్ర ప్రభుత్వ స్థానిక సంస్థల డైరెక్టరీలోని గ్రామ కోడ్‌ను ఫైలు లోపల ఒక గడిలో రాసుకుంటే, ఒకే పేరుగల ఊళ్ల మధ్య తికమక కూడా తొలగుతుంది.

తేదీ విషయంలో నష్టం మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. మన దేశంలో 2015లో బెంగళూరు వద్ద బొప్పాయిపై తొలిసారి నమోదైన నల్ల తామర పురుగు 2021-2022 పంట కాలంలో ఉభయ తెలుగు రాష్ట్రాల మిరపను తీవ్రంగా దెబ్బతీసింది. ఇటువంటి వేళ రైతులు, విస్తరణ సిబ్బంది ఫొటోలు పంపేది వాట్సాప్‌లోనే. ఫోనులో ‘ఐఎంజీ-20211214-డబ్ల్యూఏ0007’ వంటి పేరుతో చేరిన ఫొటోను చూసి, అది డిసెంబరు 14న తీసినదని శాస్త్రవేత్త నమ్ముతాడు. ఆ అంకెలు సందేశం చేరిన రోజువే తప్ప ఫొటో తీసిన రోజువి కావు. కెమెరా ఫొటోలో పొందుపరచిన తేదీ, స్థల వివరాలను వాట్సాప్ తొలగిస్తుంది. పది చేతులు మారిన ఫొటో పాతదైనా కొత్త తేదీతోనే కనిపిస్తుంది. పురుగు ఏ ఊరి నుండి ఏ ఊరికి ఎప్పుడు పాకిందో తేల్చవలసిన చోట వారం రోజుల తేడా చిన్నది కాదు. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమని కోరితే అసలు వివరాలు నిలుస్తాయి. అందిన నాడే ‘2021-12-09_వేటపాలెం_మిరప_నల్లతామర_03’ వంటి పేరు పెట్టడం మరింత భద్రం.

తేదీలో సంవత్సరం ముందు, ఆపై నెల, రోజు రాయడం ఐఎస్ఓ 8601 ప్రమాణం. ‘03-04-2022’ మనకు ఏప్రిల్ 3, అమెరికా సహరచయితకు మార్చి 4. మన రబీ మరొక చిక్కు తెస్తుంది. ‘రబీ 2021’ అన్నప్పుడు విత్తిన ఏడాదా, కోసిన ఏడాదా తెలియదు. ‘2010-11’ అని రాస్తే పంట సంవత్సరమా, నవంబరు నెలా అన్న సందేహం వస్తుంది. ‘2010-2011’ అని పూర్తిగా రాయడానికి పట్టే శ్రమ రెండు అంకెలే.

అన్నిటికంటే అపాయకరమైనది అంకెల వరుస. ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లతో ఆర్‌బీడీ ప్రయోగం వేస్తే 24 మడులు. ఫైళ్లకు ‘మడి1’ నుండి ‘మడి24’ వరకు పేర్లు పెడితే విండోస్ తెరపై అవి సక్రమంగానే కనిపిస్తాయి. అవే ఫైళ్లను ‘ఆర్’ ప్రోగ్రాంతో చదివిస్తే అది పేరును అక్షరాలుగా చూసి 1, 10, 11 అంటూ 19 వరకు వెళ్లి, ఆ తరువాతే 2కు వస్తుంది. క్షేత్ర క్రమంలో రాసుకున్న ట్రీట్‌మెంట్ల జాబితాను దాని పక్కన అతికిస్తే పదో మడి దిగుబడి రెండో మడి ఖాతాలో పడుతుంది. కంప్యూటర్ ఏ తప్పూ చూపదు, విశ్లేషణ పట్టిక చక్కగా అచ్చవుతుంది. ‘మడి01’, ‘మడి02’ అని సున్నా చేర్చి ఉంటే ఈ గండం లేదు.

రకాల పేర్లలో ప్రజనన శాస్త్రవేత్తలు ఇప్పటికే మంచి దారి వేశారు. సాంబ మసూరి అన్న పేరు బజారులో మరో మసూరితో కలిసిపోవచ్చు. బీపీటీ 5204 అంటే బాపట్ల కేంద్రపు ఆ ఒక్క రకమే. అయితే ‘ఎల్‌సీఏ 334’, ‘ఎల్‌సీఏ-334’, ‘ఎల్‌సీఏ334’ కంప్యూటర్‌కు మూడు వేర్వేరు మాటలు. కేంద్రం మొత్తానికి ఒక్క రూపం నిర్ణయించుకోక తప్పదు. తెలుగులో రాసేటప్పుడు ‘ఎల్’ తరువాత కంటికి కనిపించని ఒక విభజన అక్షరం కూడా చేరుతుంది. అది ఒక ఫైలులో ఉండి మరొక దానిలో లేకపోతే రెండు పేర్లూ ఒకేలా కనిపించినా వెతుకులాటలో ఒకటే దొరుకుతుంది.

తెలుగు పేర్లు వద్దని దీని అర్థం కాదు, యూనికోడ్‌లో అవి నిక్షేపంగా పనిచేస్తాయి. పొడవు మాత్రం చూసుకోవాలి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, నిల్వలో 18 బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరుకు సాధారణ పరిమితి 255 బైట్లే.

పాత ఫైళ్లన్నిటికీ ఇప్పుడు పేర్లు మార్చబూనడం తగదు. విశ్లేషణ ప్రోగ్రాములు పాత పేర్లతోనే వాటిని పిలుస్తుంటాయి. దానికి బదులు పాత పేరు, లోపలి విషయం, సేకరించిన ప్రదేశం, తేదీ చూపే ఒక జాబితాను అదే ఫోల్డర్‌లో ఉంచవచ్చు. విద్యార్థి థీసిస్ సమర్పించే రోజుననే, అతడు ఎదుట ఉండగానే దీనిని రాయించాలి. దానికి ‘00_ముందుగా_చదవండి’ అని పేరు పెడితే వరుసలో మొదట అదే కనిపిస్తుంది.