కోడిపెంటను ఎరువుగా మార్చుట

మన పూర్వులు బాగాన్ దాతుక్ కొబ్బరి తోటలలో పనిచేసిన కాలమున, లైను ఇండ్ల వెనుక చిన్న పెరడు, అందులో నాలుగు కోళ్లు ఉండుట సామాన్యము. గోంగూర, వంగ, బెండ, మునగ ఆ పెరటిలోనే పెరిగినవి. నేడు మనలో అనేకులు పట్టణములలో నివసించుచున్నను, కుండీలోనైనను గోంగూర నాటుట మానలేదు. దుకాణములో మనము ‘బాజా’ అని అడుగుదుము. దానికి తెలుగు మాట ఎరువు. కోళ్లు విడుచునది రెట్ట. అది ఊకతోను, చెత్తతోను కలిసి పోగైనచో కోడిపెంట అందురు.

పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతము ఉండగా, కోడిపెంటలో సుమారు 3 శాతము ఉండును. భాస్వరము, పొటాష్ కూడ ఎక్కువే. కోడి మూత్రమును వేరుగా విడువదు. రెట్టపై కనబడు తెల్లని భాగమే దాని మూత్రము. అందుచేతనే దానికి ఇంత బలము. అయితే ఆ నత్రజని త్వరగా అమ్మోనియాగా మారును. ముక్కును పొడుచు ఘాటు అదియే. ఆ అమ్మోనియా, పెంటలోని లవణములు లేత వేళ్లను మాడ్చివేయును.

ఈ సంగతి తెలియక మేము ఒకమారు ఆలయము వెనుక వంగ మడికి పచ్చి పెంటను వేసితిమి. వారము తిరుగకముందే ఆకుల అంచులు మాడినవి; సగము మొక్కలు చచ్చినవి. తప్పు ఎరువుది కాదు, మా తొందరది.

కావున పెంటను మ్రగ్గనీయవలెను. ఒక గంప పెంటకు రెండు లేక మూడు గంపల ఎండుటాకులు గాని, రంపపు పొట్టు గాని కలుపవలెను. మూడడుగుల ఎత్తున కుప్ప వేసి నీరు చిలుకరింపవలెను. పిడికిట పిండినప్పుడు ఒకటి రెండు చుక్కలు రాలినచో తడి సరిపోయినట్లు. కొన్ని దినములలో కుప్ప లోపల వేడెక్కును. ఆ వేడి 55 డిగ్రీలు దాటి పదునైదు దినములు నిలువవలెను; ఆ కాలములో ఐదుమారులు తిరుగవేసి, వెలుపలిది లోపలికి చేర్పవలెను. ఇచ్చటి వానలకు సారము కొట్టుకొనిపోకుండ పైన రేకు గాని, పట్టా గాని కప్పవలెను. తరువాత రెండు మూడు నెలలు కదల్చక ఉంచవలెను. ఘాటు పోయి, నల్లగా పొడిపొడిగా, చల్లగా ఉన్నచో ఎరువు సిద్ధమైనట్లే.

నాటుటకు రెండు వారములు ముందుగా, చదరపు మీటరుకు ఒక కిలో చొప్పున మట్టిలో కలుపవలెను. కుండీలో పది పాళ్ల మట్టికి ఒక పాలు చాలును. గోంగూర, కాంకుంగ్ వంటి ఆకుకూరలకు ఇది మిక్కిలి మేలు. మిరపకు ఎక్కువైనచో ఆకు పెరుగును గాని కాయ తగ్గును. చిక్కుడు, బొబ్బర గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెలలో తామే సమకూర్చుకొనును. వాటికి కొంచెమే చాలును.

మా పెరటి కూరలు అన్నదానమునకు పోవును. వృద్ధులు, పసిపిల్లలు ఆ పంక్తిలో కూర్చుందురు. పచ్చి పెంటలో సాల్మొనెల్లా వంటి క్రిములు ఉండవచ్చును. మట్టిని తాకు పంటకు పచ్చి పెంట వేసినచో, కోతకు ముందు 120 దినములు గడువవలెనని అమెరికా సేంద్రియ వ్యవసాయ నియమము. మేము పచ్చి పెంటను అసలు వేయము. పచ్చిగా తిను కొత్తిమీరను మంచి నీటిలో కడుగుదుము. పెంటను కదల్చునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పూజకు వాడు పూలకు, తులసికి కోడిపెంట తగదని కొందరు పెద్దలు అనిరి. వారి మాట మన్నించి ఆ మొక్కలకు పశువుల ఎరువునే వేయుచున్నాము. కూరగాయల మడులకు మాత్రము కోడిపెంట ఎరువు సాగుచున్నది.

పిల్లలను కూడ మడి యొద్దకు పిలువుడు. పెరడు, మడి, పాదు, ఎరువు అను మాటలు పుస్తకములో కంటె చేతికి మట్టి అంటినప్పుడు బాగుగా నిలుచును.