కట్టడాల ఛాయాచిత్రాలు - ట్రైప్ దొర కృషి

కట్టడానికి ఛాయాచిత్రం తీయడంకంటె సులభమైన పని లేదని పలువురు తలుస్తారు. పసిపిల్లవానికి తీయవలెనంటే బుజ్జగించవలె. పక్షికి తీయవలెనంటే పొదచాటున పొంచి ఉండవలె. గోపురంతో ఇటువంటి పేచీ ఏదీ లేదు. నిన్న ఉన్నచోటనే నేడూ ఉంటుంది; రేపు వచ్చినా అక్కడనే దొరుకుతుంది. ఈ మాట సగమే నిజం. కట్టడం కదలదు గాని దానిమీది వెలుగు గడియగడియకూ కదులుతుంది. ఉదయం తూర్పుగోడమీద తేటగా లేచి కనిపించిన శిల్పం మధ్యాహ్నానికి చదునై పోతుంది, సాయంకాలానికి నీడలో మునుగుతుంది. ఏ వెలుగులో, ఏ చోటినుండి, ఎంత ఎత్తునుండి చూస్తే కట్టడపు తీరు బోధపడుతుందో కనిపెట్టడంలోనే ఈ కళలోని కష్టమంతా ఉన్నది.

వెలుగు సంగతి అట్లుండగా, నిలువుగీతల సంగతి మరొకటి. గోపురం ఎదుట నిలిచి, కొన కనబడలేదని కెమెరాను పైకెత్తితే చిత్రంలో నిట్టనిలువు గీతలన్నీ పైకి పోయినకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతవి. కట్టడం వెనుకకు ఒరిగినట్లు తోస్తుంది. మామూలు మేడగోడ అయితే ఈ దోషం చూడగానే పట్టుబడుతుంది. గోపురం విషయంలో పట్టుబడదు. గోపురం సహజంగానే పైకి పోయినకొద్దీ సన్నగిల్లుతుంది. ఆ సన్నగిల్లడం స్థపతి లెక్కకట్టి నిర్ణయించినది. కెమెరా తన వాలును కూడ దానికి కలిపితే, చిత్రం చూచేవానికి స్థపతి పని ఏదో, కెమెరా చేసిన మోసం ఏదో తెలియదు. దీనికి విరుగుడు ఒక్కటే. కెమెరాలో బింబం పడే పలక కట్టడపు ముఖానికి సమాంతరంగా ఉండవలె. అందుకై దూరంగా జరగవచ్చును. ఎదుటి మేడ ఎక్కవచ్చును. కెమెరాను వంచకుండ కటకాన్ని మాత్రమే పైకి జరిపే ఏర్పాటును వాడవచ్చును. నేటి చరవాణులలో గీతలను సరిచేసే సాధనం ఉన్నమాట నిజమే గాని, అది చిత్రం పైభాగాన్ని సాగదీసి ఆ పని చేస్తుంది. మొదటనే సరిగా నిలిచి తీయడంతో అది సమానం కాదు.

ఈ నియమాలు ఇంకను పుస్తకాలకెక్కని కాలంలో, దక్షిణదేశపు ఎండలో, వీటిని ఆచరించి చూపినవాడు లిన్నేయస్ ట్రైప్. ఇంగ్లండులోని డెవన్‌పోర్టులో 1822లో పుట్టి, ఈస్టిండియా కంపెనీ మదరాసు సైన్యంలో చేరినాడు. సెలవుమీద స్వదేశం వెళ్ళినప్పుడు ఛాయాగ్రహణం అలవరచుకొన్నాడు. తిరిగి వచ్చిన తరువాత, 1854లో, హళేబీడు శిల్పాలకు చిత్రాలు తీసినాడు. మరుసటి సంవత్సరం మదరాసు ప్రదర్శనంలో అతని పనికి ప్రథమశ్రేణి పతకం లభించినది. అదే 1855లో కంపెనీవారి రాయబారంతో బర్మా వెళ్ళి, అమరపుర, అవ మొదలైన చోట్ల 200కు పైగా చిత్రాలు తీసినాడు. పురాతన కట్టడాలను చేతితో గీయించడం కంటె కెమెరాతో పట్టించడం మేలని కంపెనీవారికి అప్పుడే తోచినది. ఫలితంగా 1856లో ట్రైప్ మదరాసు ప్రభుత్వానికి ఛాయాగ్రాహకుడుగా నియమితుడైనాడు.

ఆ నాటి పని ఎట్టిదో నేటి విద్యార్థికి ఊహకు అందడం కష్టం. అప్పుడప్పుడే ప్రచారంలోకి వస్తున్న గాజుపలకల పద్ధతిలో, పలకకు మందు పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగవలె. దక్షిణదేశపు వేడికి ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? అందుచేత ట్రైప్ ఎక్కువగా కాగితపు నెగెటివులనే నమ్ముకొన్నాడు. మంచి కాగితానికి మైనం పట్టించి, వెండి లవణాలతో సిద్ధపరచి ఉంచుకొంటే, తీయడం ఒకనాడు, కడగడం మరొకనాడు జరుపుకోవచ్చును. ఒక్కొక్క నెగెటివు గజం పొడవులో మూడోవంతుకు మించి ఉండేది. దానిని పెంచి ముద్రించడం ఆ రోజులలో లేదు. నెగెటివు ఎంతో చిత్రమూ అంతే. కనుక కెమెరా చిన్న పెట్టె అంత ఉండేది. ఈ సరంజామా అంతా ఎడ్లబండ్లమీద సాగవలసినదే.

అతడు 1857 చివర బయలుదేరి, 1858లో శ్రీరంగం, తిరుచిరాపల్లి, పుదుక్కోట, మధుర, తంజావూరు చూచినాడు. తెలుగువారికి ఈ ఊళ్ళు కొత్తవి కావు. విజయనగరం తరువాత తెలుగు కవిత్వం ఆశ్రయం వెదకుకొని పోయినది ఈ నాయకరాజుల కొలువులకే. మధురలో తిరుమలనాయకుడు కట్టించిన పుదుమండపాన్ని ట్రైప్ పలుమార్లు తీసినాడు. నాయకరాజుల విగ్రహాలు ఆ మండప స్తంభాలకే చెక్కి ఉన్నవి. దీర్ఘకాలం కుట్టుపనివారి దుకాణాలతో, కొనుగోలుదారులతో కిటకిటలాడిన ఆ మండపం, ట్రైప్ చిత్రాలలో నిర్మానుష్యంగా కనిపిస్తుంది. నీడపట్టున ఉన్న వసారాలో కాగితంమీద బింబం పడడానికి నిమిషాల కొలది పట్టేది. అంతసేపు కదలక నిలిచేవాడే చిత్రంలో మిగులుతాడు. నడిచిపోయేవాడు పొగవలె మాసిపోతాడు, లేదా బొత్తిగా కనబడడు. అందుచేత స్తంభాల వరుస ఒక్కటే మిగిలినది. ఒక స్తంభానికి, మరొక స్తంభానికి నడుమ నేలమీద పడ్డ వెలుగుచారలను బట్టి మండపం లోతును కొలువవచ్చును. ఊరు మాయమై కట్టడం మాత్రమే మిగలడం లాభమా, నష్టమా అన్నది వేరే ప్రశ్న. మండపం మనుషులకొరకు కట్టినదే కదా!

ట్రైప్ పనిలో విమర్శకు తావిచ్చే విషయం కూడ ఒకటి కలదు. ఆనాటి కాగితానికి నీలిరంగు అతిగా సోకేది, ఆకుపచ్చ బొత్తిగా సోకేది కాదు. అందువలన ఆకాశం తెల్లని కాగితంవలె, చెట్లు నల్లని ముద్దలవలె వచ్చేవి. ఈ లోపం కప్పడానికి అతడు నెగెటివుమీద కుంచెతో మబ్బులు అద్దినాడు, ఆకులు దిద్దినాడు. కొన్ని చిత్రాలలో మబ్బులు ఎంత సహజంగా ఉన్నవంటే, సంగతి తెలియనివారు వాటిని ఆ దినపు మబ్బులే అనుకొంటారు. ఇది కపటమని కొందరనవచ్చును. అయితే రాతిని బాగుచేసి, ముక్కు విరిగిన శిల్పానికి ముక్కు పెట్టి ఉంటే అది క్షమింపరాని నేరం అయ్యేది. మబ్బు విషయంలో అంత కఠినంగా ఉండనక్కరలేదు. ఆకాశం స్థపతి కట్టినది కాదు.

తంజావూరులో అతడు చేసిన పని మాత్రం దేనితోను పోల్చదగినది కాదు. బృహదీశ్వరాలయ విమానం అధిష్ఠానం చుట్టూ రాజరాజచోళుని నాటి శాసనాలు వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నవి. వాటిని చిత్రంలో చదువుకొనేటట్లు పట్టవలెనని ట్రైప్ సంకల్పించినాడు. గోడవెంట కెమెరాను కొంచెం కొంచెంగా జరుపుతూ 21 నెగెటివులు తీసి, వాటి ముద్రలను ఒకదాని అంచుకు ఒకటి కూర్చినాడు. ఆ పొడవు దాదాపు 19 అడుగులు. ప్రతిసారీ గోడకు కెమెరా ఒకే దూరంలో ఉండవలె, ఒకే ఎత్తులో ఉండవలె. ఒక్కచోట తప్పినా అతుకు కుదరదు, అక్షరం విరుగుతుంది. అందానికి కాక అక్షరానికి లొంగి తీసిన చిత్రం అది. ఈ శాసనాల పాఠాలను హుల్ష్ పండితుడు అచ్చులో వెలువరింపసాగినది 1891లో. అంతకు మూడు దశాబ్దాల ముందే వాటిని ట్రైప్ కాగితానికి ఎక్కించినాడు.

గ్రామంలో శాసనమున్న పాఠశాలల విద్యార్థులు ఇందులో ఒక కిటుకు గ్రహించవచ్చును. ఎండ ఎదురుగా పడ్డప్పుడు రాతిమీది అక్షరాలు కనిపించవు. పక్కనుండి, రాతిని ఒరసుకొంటూ పడ్డప్పుడు ప్రతి గంటులోను నీడ నిలిచి అక్షరం లేస్తుంది. ఉత్తరపు గోడకు ఎండ అరుదు గనుక, పక్కన అద్దం పట్టి వెలుగును మళ్ళించవలె.

తెలుగుదేశానికి మిక్కిలి దగ్గరి సంబంధంగల పని అతడు మదరాసు మ్యూజియంలోనే చేసినాడు. అమరావతి స్తూపాన్ని 1797లో మెకంజీ మొదట చూచేనాటికే, వాసిరెడ్డి వేంకటాద్రినాయని కొత్త రాజధానికై దిబ్బనుండి రాళ్ళు తరలుతూ ఉన్నవి. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి చిత్రకారులచేత బొమ్మలు గీయించినాడు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి, దొరికిన పలకలను మదరాసుకు పంపినాడు. ఆ పలకలను, మ్యూజియంలోని మరికొన్ని వస్తువులను ట్రైప్ 1858లో చిత్రాలు తీయగా, 75 చిత్రాల సంపుటం ఏర్పడినది. పెద్ద పలకలను విడిగాను, చిన్న ముక్కలను పక్కపక్కన నిలిపి కలిపియు తీసినాడు. ఇందులోనే ఒక విషాదం ఉన్నది. ఛాయాగ్రహణం లోకానికి వెల్లడి అయినది 1839లో. అప్పటికి స్తూపం చెదరి నలభై ఏండ్లు దాటినది. తంజావూరులో అతని ఎదుట ఒక కట్టడం ఉన్నది. ఇక్కడ కట్టడం లేదు, దాని ముక్కలు మాత్రమే ఉన్నవి. ఏ పలక ఏ దిక్కున నిలిచినదో, దానిమీద ఏ వేళ ఎండ పడేదో ఏ కెమెరా చెప్పగలదు? మరుసటి సంవత్సరం, 1859లో, ఎలియట్ సేకరించిన పలకలు ఓడ ఎక్కి లండను చేరినవి. నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి.

ఆ 1859లోనే సర్ చార్లెస్ ట్రెవెల్యన్ మదరాసు గవర్నరుగా వచ్చినాడు. సిపాయిల తిరుగుబాటు ఖర్చులతో ఖజానా కుంగి ఉన్న రోజులవి. ఛాయాచిత్రాల శాఖ ఆయన కంటికి విలాసంగా కనిపించినది. 1860లో అది మూతపడినది. ట్రైప్ తిరిగి సైన్యంలో పడ్డాడు. ఆ తరువాత అతడు తీసినవి బహు తక్కువ. 1902లో, పుట్టిన ఊరిలోనే మరణించినాడు.

ట్రెవెల్యన్ మిగిల్చిన సొమ్ము ఎంతయినా కానీ, అప్పటికే తయారైన చిత్రాల విలువకు మధురలోని తిరుమలనాయకుని మహలే సాక్ష్యం. 1636లో కట్టిన ఆ మహలులో కొంత భాగాన్ని అతని మనుమడు చొక్కనాథనాయకుడే విప్పించి తిరుచిరాపల్లికి తరలించినాడని చెబుతారు. మిగిలినది ట్రైప్ నాటికి శిథిలావస్థలో ఉండేది. 1866లో గవర్నరుగా వచ్చిన నేపియర్ ప్రభువు దానిని మరమ్మతు చేయించినాడు. నేడు అక్కడ నిలిచి చూచేవానికి పాత రాయి ఎక్కడ ముగిసినదో, నేపియర్ చేయించిన పని ఎక్కడ మొదలైనదో కంటికి ఆనదు. తెలుసుకోదలచినవాడు ట్రైప్ 1858లో తీసిన చిత్రాన్ని ఆ గోడపక్కన పట్టి చూడవలె.