గల్లీ బాగుపడితేనే ఇల్లు బాగుపడుతుంది

పండుగ మరునాడు తెల్లవారుజామున అచ్చంపేట బస్టాండుకు వెళ్ళి చూడండి. హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డవారిలో తాపీ మేస్త్రీలు, సెంట్రింగు పనివారు, పెయింటర్లు, మెకానిక్కులు, ఆటో నడిపేవారు కనిపిస్తారు. చేతిలో బట్టల సంచి, భుజాన బియ్యం మూట. పాలమూరు బిడ్డలకు వలస కొత్తది కాదు. గుంపు మేస్త్రీ వెంట వెళ్ళి దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన చరిత్ర 'పాలమూరు లేబర్'ది. అంతకు ముందటి తరాలు బొంబాయి దాకా వెళ్ళాయి. అక్కడి కామాటిపురాకు ఆ పేరు వచ్చింది కూడా మన ప్రాంతాల నుంచి కూలికి పోయిన తెలుగు కామాటీల వల్లనే.

ఊరందరికీ మేడలు కట్టే ఈ చేతులు రాత్రికి ఎక్కడ విశ్రమిస్తాయి? చాలామందికి నగరంలో ఏదో ఒక బస్తీలో ఒకే ఒక్క గది. వానాకాలం రాగానే మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటుంది. "బేటా, ఇంట్లకు నీళ్ళొచ్చినయా?" అని అమ్మీ ఫోనులో అడుగుతుంది. "ఇంట్లకు రాలేదమ్మీ, గల్లీల నిలిచినయ్" అంటాడు కొడుకు. అమ్మీ మనసు కుదుటపడుతుంది. నిజానికి కుదుటపడవలసిన జవాబు కాదది. గల్లీలో నిలిచిన నీరే దోమై, జ్వరమై, ఆస్పత్రి ఖర్చై ఇంట్లోకి వస్తుంది. ఇంటికి ఎంత సున్నం వేసినా గల్లీ బాగుండకపోతే ఆ ఇల్లు బాగుండదు. ఈ చిన్న సత్యం చుట్టూ ప్రపంచ దేశాల గృహ విధానం యాభై ఏళ్ళకు పైగా తిరుగుతూ వస్తున్నది.

ఐదు లోపాలు

1976లో కెనడాలోని వాంకూవర్ నగరంలో ఐక్యరాజ్యసమితి మానవ ఆవాసాలపై తొలి మహాసభ జరిపింది. రెండవది 1996లో ఇస్తాంబుల్‌లో, మూడవది 2016లో క్విటోలో జరిగాయి. ఈ పని కోసమే నైరోబీ కేంద్రంగా ఒక ఐక్యరాజ్యసమితి సంస్థ పనిచేస్తున్నది. మురికివాడ అంటే ఏమిటో చెప్పడానికి ఆ సంస్థ ఐదు కొలతలు పెట్టుకుంది. మంచినీరు, మరుగుదొడ్డి, తగినంత చోటు, గట్టి కట్టడం, ఎవరూ వెళ్ళగొట్టరన్న భరోసా. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ కుటుంబం మురికివాడ జీవితం గడుపుతున్నట్టే లెక్క. ఈ లెక్క ప్రకారం నేడు ప్రపంచంలో వంద కోట్లమందికి పైగా ఇటువంటి స్థితిలో ఉన్నారు.

ఈ ఐదింటిలో ఇల్లు కట్టుకునేవాడి చేతిలో ఉండేవి చోటు, కట్టడం, ఈ రెండే. మిగిలినవి గల్లీ మొత్తానికి, మున్సిపాలిటీకి, రెవెన్యూ కార్యాలయానికి సంబంధించినవి. ఇది గమనార్హం. పేదవాడు తన పాలి రెండు పనులూ రూపాయి రూపాయి కూడబెట్టి ఎలాగో చేసుకుంటాడు. ఆగిపోయేది మిగిలిన మూడింటి దగ్గరే.

కూల్చడమా, బాగుచేయడమా?

బస్తీల విషయంలో ప్రభుత్వాల ముందు మొదటి నుంచీ రెండు దారులు ఉన్నాయి. కూల్చి వేరేచోట ఇళ్ళు కట్టివ్వడం ఒకటి. ఉన్నచోటనే బాగుచేయడం రెండవది.

మన హైదరాబాదు ఈ రెండింటినీ చూసింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసిన తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు వాడలను తొలగించి, వెడల్పాటి రోడ్లు వేసి, నాంపల్లి, మల్లేపల్లి వంటి ప్రాంతాలలో ఇళ్ళ వరుసలు నిర్మించింది. ఆ కాలానికి అది గొప్ప పని అని ఒప్పుకోవాలి. అయితే నగరానికి జనం వచ్చే వేగాన్ని ప్రభుత్వం కట్టే క్వార్టర్లు ఏనాడూ అందుకోలేవు. పైగా పేదవాడు బస్తీలో ఉండేది పనికి దగ్గర కనుక. పది మైళ్ళ దూరంలో మంచి ఇల్లిచ్చినా రోజు కూలిలో సగం బస్సుకే పోతే ఆ ఇంటిని అమ్ముకుని మళ్ళీ మరో బస్తీకే వస్తాడు.

1967లో హైదరాబాదు నగరపాలక సంస్థలో పట్టణ సముదాయ అభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. అందులోని సముదాయ కార్యకర్తలు బస్తీ బస్తీకీ తిరిగారు. 'మీకేం కావాలి' అన్న ప్రశ్నకు 'మీరేం చేయగలరు' అన్న రెండో ప్రశ్న జోడించారు. బాలవాడీలు, కుట్టు కేంద్రాలు, మహిళా మండలులు వచ్చాయి. యునిసెఫ్ చేయూతనిచ్చింది. 1970ల రెండవ సగంలో బస్తీవాసులకు పట్టాలు, బ్యాంకు రుణాలు ఇప్పించి, వారి ఇళ్ళు వారే కట్టుకునేటట్టు చేశారు. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో ఈ పని విస్తరించింది. మట్టి గల్లీల్లో బండలు పరిచారు, మోరీలు కట్టారు, నల్లాలు, వీధి దీపాలు, మరుగుదొడ్లు, కమ్యూనిటీ హాళ్ళు సమకూర్చారు. 1988లో అదే పద్ధతి విశాఖపట్నానికి వెళ్ళింది. మన నగరపు బస్తీలు విదేశాల ప్రణాళికాకర్తలకు పాఠశాలగా మారాయంటే అతిశయోక్తి కాదు.

ఇతర దేశాల అనుభవం

ఇండోనేషియా రాజధాని జకార్తాలో 1969లో కంపుంగుల మెరుగుదల పథకం మొదలైంది. కంపుంగ్ అంటే మన బస్తీ వంటిదే. ఆ పథకం ఇళ్ళను ముట్టుకోలేదు. నడకదారి, మోరీ, నీళ్ళు, బడి, వైద్యశాల మాత్రం సమకూర్చింది. గల్లీ గట్టిపడగానే జనం తమ ఇళ్ళను తామే గట్టిపరుచుకోసాగారు. 1980లో ఈ పథకానికి వాస్తుశిల్ప రంగంలో పేరెన్నికగన్న ఆగాఖాన్ పురస్కారం లభించింది. మహా కట్టడాలను గౌరవించే పురస్కారం బస్తీ గల్లీని కూడా గౌరవించడం ఆలోచించదగిన విషయం.

అదే 1980లో కరాచీ శివారులోని ఒరంగీలో అఖ్తర్ హమీద్ ఖాన్ ఒక పనికి శ్రీకారం చుట్టారు. ఆయన ఐ.సి.ఎస్. ఉద్యోగాన్ని వదులుకుని, కొంతకాలం తాళాలు బాగుచేసే పని నేర్చుకుని కూలివాడిగా బతికిన మనిషి. ఒరంగీలో మురుగు గల్లీల మధ్యనే పారేది. ప్రభుత్వం వచ్చి చేస్తుందని జనం ఎదురుచూస్తున్నారు. ఆయన లెక్క సూటిగా ఉంది. ఇంట్లో మరుగుదొడ్డి, గల్లీలో పైపు, గల్లీలను కలిపే చిన్న కాలువ, ఈ మూడింటి ఖర్చూ గల్లీవాసులు భరించాలి. ఊరి బయటి పెద్ద కాలువ, శుద్ధి కేంద్రం ప్రభుత్వం చూడాలి. ఇరవై ముప్పై ఇళ్ళ గల్లీ ఒక జట్టు. తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకుని, చందా వేసుకుని, పని వాళ్ళే చేసుకున్నారు. కాంట్రాక్టరు లేడు కనుక ఖర్చు ఎన్నో రెట్లు తగ్గింది. లక్షకు పైగా ఇళ్ళకు ఈ విధంగా మురుగు పైపులు చేరాయి.

సింధులో కూడా ఒక హైదరాబాదు ఉంది. అక్కడ 1980లలో తస్నీమ్ అహ్మద్ సిద్దీఖీ అనే అధికారి 'ఖుదా కీ బస్తీ' అనే పథకం నడిపారు. సాధారణంగా ముందు లేఅవుటు వేసి, రోడ్లు వేసి, ఆఖరున ప్లాట్లు పంచుతారు. ఈలోగా ధర పెరిగి అవి దళారుల పాలవుతాయి. ఆయన దీన్ని తలకిందులు చేశారు. సామాను, పిల్లలతో సహా వచ్చి ఉండేవారికే ప్లాటు. వచ్చి ఉండకపోతే రద్దు. నీళ్ళు, మోరీలు, రోడ్లు తర్వాత, జనం వాయిదాలుగా కట్టే డబ్బుతో ఒక్కొక్కటే వస్తాయి. ఉండటానికి చోటు లేనివాడే గుడారం వేసుకుని ఉంటాడు కనుక దళారీ తనంత తానే తప్పుకున్నాడు. ఈ పథకానికి 1995లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది.

బైకుల్లా ఆడపడుచులు

ఇక మళ్ళీ మన దేశానికి, మన కామాటిపురా పొరుగున ఉన్న బైకుల్లాకు వద్దాం. అక్కడి ఫుట్‌పాత్‌ల మీద గుడిసెలు వేసుకున్నవారిలో ముస్లిం స్త్రీలు ఎక్కువ. ఫుట్‌పాత్ వాసుల కేసులో 1985 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉన్నదని ఆ తీర్పు గుర్తించింది. అయితే నోటీసు ఇచ్చి తొలగించడానికి వీలు కల్పించింది కూడా. అప్పుడు ఆ స్త్రీలు ఏడుస్తూ కూర్చోలేదు. 1986లో మహిళా మిలన్‌గా ఏర్పడి రోజుకింత అని పొదుపు మొదలుపెట్టారు. తమ గుడిసెలను తామే లెక్కించారు. తమకు ఎటువంటి ఇల్లు కావాలో నిలువెత్తు నమూనా కట్టి అధికారులకు చూపించారు. ఏళ్ళ తరబడి పట్టు విడవకుండా శాశ్వతమైన ఇళ్ళు సాధించుకున్నారు.

వీరికి తోడుగా నిలిచిన జాకిన్ అర్పుతం స్వయంగా మురికివాడలో బతికినవాడు. తన బస్తీ కూల్చివేతను కళ్ళారా చూసినవాడు. ఆయనకు 2000లో మెగసెసే పురస్కారం దక్కింది. బస్తీవాసుల సమాఖ్యలను దేశదేశాల్లో కలిపిన ఘనత ఆయనది. అంతర్జాతీయ గృహ విధానం అనగానే కోటు, సూటు, ఇంగ్లీషు అనుకుంటాం. ఆ సభల్లో తమ మాట వినిపించినవారిలో బైకుల్లా ఫుట్‌పాత్ తల్లులు కూడా ఉన్నారని మరువరాదు.

తప్పులూ ఉన్నాయి

ఈ మార్గంలో అంతా మంచే జరిగిందని చెబితే అది నిజం కాదు. విదేశీ నిధులు అయిపోయిన తర్వాత చాలాచోట్ల మోరీలు పూడుకుపోయాయి, దీపాలు ఆరిపోయాయి. కట్టినవాడు వెళ్ళిపోతే చూసుకునేవాడు ఎవరో ముందే తేల్చుకోకపోవడమే దీనికి కారణం. గల్లీ బాగుపడగానే అద్దెలు పెరిగి కిరాయిదారులు మరో మురికి గల్లీకి నెట్టబడ్డ సందర్భాలూ ఉన్నాయి. అచ్చంపేట నుంచి వెళ్ళిన మన పిల్లల్లో అత్యధికులు కిరాయిదారులే. పట్టా ఇంటి యజమానికి వస్తుంది, కిరాయిదారుకు రాదు. ఈ లోపానికి ఏ దేశమూ ఇంకా సరైన మందు కనిపెట్టలేదు.

మనం చేయదగినవి

ఇదంతా చదివి 'మనకేమిటి' అనుకోరాదు. అచ్చంపేట ఇప్పుడు మున్సిపాలిటీ. 2016 మార్చిలో 20 వార్డులకు ఎన్నికలు జరిగాయి. పట్టణం అంచుల్లో కొత్త గల్లీలు పుడుతున్నాయి. పెద్ద నగరాలు నలభై ఏళ్ళ తర్వాత కోట్లు పోసి దిద్దుకున్న తప్పులను ఇక్కడ మొదట్లోనే తక్కువ ఖర్చుతో తప్పించుకోవచ్చు.

మొదటిది కాగితం. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మనం అక్కడ ఉంటున్నామని చూపుతాయి గాని స్థలం మనదని చెప్పవు. నోటరీ కాగితం రిజిస్ట్రేషను కాదు. అలాగని ఆ రసీదులను పారవేయకూడదు. 2014 డిసెంబరు 30న వచ్చిన 58వ నంబరు జీవో ప్రకారం ప్రభుత్వ స్థలంలో నివసించే నిరుపేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించారు. అప్పుడు అక్కరకు వచ్చినవి ఈ రసీదులే. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం స్వంత స్థలం ఉన్న పేదలకు విడతలుగా 5 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. అందులోనూ స్థలం కాగితమే కీలకం. చెరువు శిఖంలో, నాలా మీద చవకగా వస్తున్నదని ప్లాటు కొంటే ఆ డబ్బు నీటిపాలే.

రెండవది ఇల్లాలి పేరు. పట్టా, మంజూరు ఆమె పేర ఉంటే తాగుడుకో, అప్పుకో, అలకకో ఇల్లు చేతులు మారదు. ఇందిరమ్మ ఇళ్ళ మంజూరు కూడా స్త్రీల పేరనే. బైకుల్లా అనుభవం చెప్పేదీ ఇదే. మన ఇళ్ళలో అమ్మీల, ఆపాల పేర ఎన్ని కాగితాలు ఉన్నాయో ఈ శుక్రవారం పెట్టె తెరిచి చూసుకుందాం.

మూడవది గల్లీ జట్టు. ఇంటి ముందు మెట్టు రెండడుగులు మోరీ మీదికి జరిపితే మనకు కలిసొచ్చేది కొంచెమే. దిగువన ఉన్న పది ఇళ్ళకు అది శాపమవుతుంది. పొరుగువారి హక్కు గురించి మనం చిన్ననాటి నుంచీ వింటున్నాం. ఆ హక్కు ఒక పళ్ళెం బిర్యానీ పంపడంతో తీరిపోదు. మన ఇంటి నీరు వారి గడపలోకి పారకుండా చూడటం కూడా అందులో భాగమే. ఇరవై ఇళ్ళు కలిసి నెలకింత వేసుకుని మోరీ తీయించుకుంటే, ఆ లెక్క పుస్తకం పట్టుకుని మున్సిపాలిటీలో పెద్ద కాలువ అడగవచ్చు. తన పాలు తాను చేసినవాడి మాటకు విలువ ఎక్కువ.

నాలుగవది చదువు. మన పిల్లలకు డాక్టరు, ఇంజినీరు తప్ప మరో చదువు తోచదు. పట్టణ ప్రణాళిక కూడా ఒక చదువే. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అది నేర్పుతారు. సామాజిక సేవలో డిగ్రీ చేసినవారికీ, సివిల్ డిప్లొమా చేసినవారికీ ఈ రంగంలో పని ఉంది. గల్లీలో నీళ్ళు ఎటు పారతాయో, కిరాయిదారు ఎందుకు మాట్లాడడో, ఆడవాళ్ళు మరుగుదొడ్డి కోసం చీకటి పడేదాకా ఎందుకు ఆగుతారో బస్తీలో పెరిగిన పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ అనుభవానికి చదువు తోడైతే రేపు గృహ విధానం రాసే బల్ల దగ్గర మన బిడ్డ కూడా కూర్చుంటుంది.

బస్సెక్కే కొడుకు చేతికి బియ్యం మూటతో పాటు ఒక మాట కూడా ఇచ్చి పంపుదాం. ఈసారి అమ్మీ ఫోనులో ఇంటి సంగతితో ఆగకుండా, "గల్లీల ఎంతమంది కలిసినారు బేటా?" అని కూడా అడగాలి.