పిలవని పేరంటానికి వచ్చిన వైరస్

1965లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ అచిసన్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అడెనోవైరస్‌ను పరిశీలిస్తుంటే, దాని పక్కన మరీ చిన్న రేణువులు కనిపించాయి. ఒక్కోటి సుమారు 25 నానోమీటర్లు. పిలవని పేరంటానికి వచ్చిన ఈ వైరస్ అడెనోవైరస్ లాంటిది తోడుంటే తప్ప సంతతిని పెంచుకోలేదు. మనిషికి జబ్బు చేస్తుందన్న రుజువూ లేదు. దానికి అడెనో-అసోసియేటెడ్ వైరస్, క్లుప్తంగా ఏఏవీ, అని పేరు పెట్టారు. జబ్బు చేయని వైరస్‌ను ఎవరు పట్టించుకుంటారు?

జన్యువులను మోసుకెళ్లే వాహనం కోసం వెతికేవాళ్లు పట్టించుకున్నారు. 1984లో హెర్మోనాట్, ముజిచ్కా దాని సొంత జన్యువులు కొన్ని తీసేసి, నియోమైసిన్‌ను తట్టుకునే జన్యువును ఎక్కించి, కణాల్లోకి పంపగలిగారు. సరుకు పట్టే చోటు మాత్రం 4,700 డీఎన్‌ఏ అక్షరాలే.

దీన్ని మెదడులోకి నడిపించినవాళ్లలో న్యూజిలాండ్‌కు చెందిన నాడీశాస్త్రవేత్త మాథ్యూ డ్యూరింగ్ ముఖ్యుడు. 1994లో ఆయన, మైఖేల్ కాప్లిట్, సహచరులు ఎలుక మెదడులో ఏఏవీతో జన్యువును పనిచేయించారు. నాడీకణాలు సాధారణంగా విభజన చెందవు కాబట్టి అక్కడ చేరిన జన్యువు చాలాకాలం నిలుస్తుంది.

2000లో డ్యూరింగ్ బృందం చేసిన ప్రయోగం మరీ సాహసం. నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లుటమేట్ అందుకునే ద్వారాల్లో ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ ఒకటి. మెదడుకు రక్తం ఆగినా, మూర్ఛ వచ్చినా గ్లుటమేట్ పోటెత్తి, ఈ ద్వారాల గుండా కణాలను చంపేస్తుంది. మరి ఆ రిసెప్టర్‌కే టీకా వేస్తే? దాని ఎన్‌ఆర్1 భాగపు జన్యువును ఏఏవీలో పెట్టి ఎలుకల నోట్లో పోశారు. శరీరం తన సొంత రిసెప్టర్ మీదే యాంటీబాడీలు తయారుచేసింది. మామూలప్పుడు రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ వాటిని చాలావరకు ఆపేది. గాయంతో గోడ సడలినప్పుడు లోపలికి వెళ్లి కాపాడాయి.

ఏడేళ్లకు కథ అడ్డం తిరిగింది. 2007లో జోసెప్ డల్మౌ బృందం ఒక మెదడువాపు వ్యాధిని వర్ణించింది. మొదట పిచ్చిలా ప్రవర్తించడం, తర్వాత మూర్ఛలు, స్పృహ తప్పడం. కారణం ఎన్‌ఆర్1 మీద యాంటీబాడీలే! ఎలుకలో రక్షణ అనుకున్నది మనిషిలో రోగమై ఎదురుపడింది. ఈ వ్యాసకర్తకు ఆ టీకా మనుషుల దాకా రాకపోవడమే మేలనిపిస్తుంది.

అదే వాహనం ఈలోగా ఇంకో దారి పట్టింది. పార్కిన్సన్స్‌లో మెదడు లోతుల్లోని సబ్‌థాలమిక్ కేంద్రకం అతిగా ఉద్రేకపడుతుంది. గ్లుటమేట్‌ను, నాడీకణాలను శాంతింపజేసే గాబాగా మార్చే ఎంజైమ్ గ్యాడ్. ఆ ఎంజైమ్ జన్యువుతో 2003లో న్యూయార్క్‌లో కాప్లిట్ మొదటి రోగికి శస్త్రచికిత్స చేశారు. తర్వాత 45 మందితో అసలు పరీక్ష. దాదాపు సగం మందికి కపాలాన్ని పైపైన తొలిచి, జన్యువు ఇవ్వకుండా వదిలేశారు. 2011లో ఫలితాలు వచ్చాయి: ఆరు నెలల్లో జన్యువు అందినవారి కదలికలు 23.1 శాతం మెరుగయ్యాయి, ఉత్తుత్తి ఆపరేషన్ అయినవారివి 12.7 శాతం. మందు అందకుండానే అంత మార్పు! ఇలాంటి పరీక్షలు ఎందుకంత కష్టమో ఆ రెండో అంకె చెబుతుంది.

ఆ పరీక్షలో వాడిన ఏఏవీ రకం, ఏఏవీ2, సూది గుచ్చిన చోటు దాటి పెద్దగా వ్యాపించదు. దాని సోదరుడు ఏఏవీ9 రక్తంలోంచే నాడీవ్యవస్థకు చేరగలదని 2009లో ఎలుకల్లో తేలింది. దాని మీదే కట్టిన జోల్‌జెన్‌స్మాకు, వెన్నెముక కండరాల క్షీణతతో పుట్టిన పసివాళ్ల కోసం, 2019లో అమెరికా అనుమతినిచ్చింది. అప్పటి ధర 21 లక్షల డాలర్లు పైమాటే. ఆ మందు ఒక్కసారే ఇస్తారు. ఒకసారి లోపలికి వెళ్లాక శరీరం వైరస్ తొడుగును గుర్తుపెట్టుకుని, మళ్లీ వస్తే యాంటీబాడీలతో అడ్డుకుంటుంది.